చట్రం మీద రంపం పడకుండా: 1955 బీఎస్‌ఏ బీ31 కెఫే రేసరుగా మారిన క్రమం

1955 నాటి బీఎస్‌ఏ బీ31 మోటారు సైకిలును కెఫే రేసరుగా, అంటే హ్యాండిలు కిందికి దించి, సీటు సన్నగా చేసి, ముందుకు వంగి నడిపే బండిగా మలచుకోవాలని నిశ్చయించుకున్నప్పుడు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే. చట్రం మీద రంపం పడకూడదు. కార్ఖానాలో వెల్డు చేసిన ఏ బ్రాకెట్టునూ గ్రైండరుతో చెక్కేయకూడదు, కొత్తగా చేర్చేది ఏదైనా సరే బోల్టులు విప్పితే ఊడి వచ్చేయాలి. ఈ షరతు వల్ల పని చాలా కాలం పట్టింది, ఖర్చు పెరిగింది, ఇంత నియమం పాటిస్తూ చేయడం తమకు గిట్టదని ఇద్దరు పనివాళ్ళు మర్యాదగానే తప్పుకున్నారు. అయినా దాన్ని ఎక్కడా సడలించకుండానే బండి పూర్తయింది. పాత పెట్రోలు ట్యాంకు, ఎత్తయిన హ్యాండిలు, హెడ్‌ల్యాంపు తొడుగు, మడ్‌గార్డులు, సీటు అన్నీ నూనె రాసి గుడ్డలు చుట్టి చెక్కపెట్టెల్లో దాచాను. ఎవరైనా ఓపిక చేసుకుంటే వాటితో బండిని మళ్ళీ దాని మొదటి రూపానికి తీసుకుపోవచ్చు. బెంగళూరులో పాత బ్రిటిష్ బండ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి, వాటిలో కొన్ని ప్రతి ఏడూ రంపం కిందికి వెళ్తున్నాయి. అలాంటి బండి కొని కోయించబోతున్నవారు ఒక్కసారి ఆగి ఆలోచిస్తారన్న ఆశతో ఈ అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

ఈ బండి మా అమ్మగారి మేనమామది. ఆయన కోలార్ బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ వైపు, యంత్రాల విభాగంలో పనిచేసేవారు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకున్న తరువాత స్వదేశానికి తిరిగి వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లేయ ఉద్యోగి దగ్గర దీన్ని కొన్నారని ఇంట్లో చెప్పేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, అంతకు చాలా ముందే బండి షెడ్డు చేరింది. నా చేతికి వచ్చేనాటికి ఇంజను బిగుసుకుపోయి ఉంది, సీటును ఎలుకలు కొట్టేశాయి, సైలెన్సరు చేత్తో నొక్కితే పొడిపొడిగా రాలింది. అయితే ఒక్క భాగం కూడా పోలేదు. పాత బండిని ఎంచుకునేటప్పుడు పైమెరుపు కన్నా ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. తుప్పు పట్టిన అసలు భాగం చేతిలో ఉంటే దాని కొలతలు తీసుకుని కొత్తది చేయించుకోవచ్చు, లేని భాగం ఎలా ఉండేదో ఊహించుకుంటూ చేయించడం చాలా కష్టం.

మొదట కాగితాలు చూసుకున్నాను. ఇంజను నంబరు బీబీ31 అన్న అక్షరాలతోనూ, చట్రం నంబరు సీబీ31 అన్న అక్షరాలతోనూ మొదలవుతాయి, వాటి తరువాత వచ్చే అంకెలు ఒకదానితో ఒకటి కలవవు. ఆ కాలంలో బీఎస్‌ఏ కార్ఖానా ఇంజనుకూ చట్రానికీ ఒకే అంకె వేసేది కాదు. ఈ సంగతి తెలియక, అంకెలు వేరుగా ఉన్నాయి కనుక ఇంజను మార్చిన బండి అనుకుని మంచి బండ్లను వదులుకున్నవారిని నేనెరుగుదును. అక్షరాలు సరైనవా, ఎవరైనా చెరిపి మళ్ళీ కొట్టారా, ఆర్‌సీ పుస్తకంలో ఉన్న అంకెలు లోహం మీద ఉన్నవాటితో సరిపోతున్నాయా అన్నవే చూడవలసినవి. మా బండికి పాత మైసూరు రాష్ట్రపు ఎమ్‌వై నంబరు ఉంది, పుస్తకం చెక్కుచెదరకుండా ఉంది. వారసుల సమ్మతి పత్రాలతో పేరు మార్పించుకున్న తరువాతే స్పానరు పట్టుకున్నాను.

బీ31 గొప్ప వేగం కోసం పుట్టిన బండి కాదు. 1945లో బర్మింగ్‌హామ్‌లోని స్మాల్ హీత్ కార్ఖానా దీన్ని తెచ్చింది. 348 సీసీల ఒంటి సిలిండరు, 71 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 88 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టను కదిలే దూరం), సుమారు 17 గుర్రాల శక్తి. రోజూ పనికి వెళ్ళివచ్చే మనిషి నమ్ముకోదగిన వాహనం. కానీ దీని దగ్గరి బంధువు గోల్డ్ స్టారు. 1937 జూన్ 30న వాల్ హ్యాండ్లీ బ్రూక్‌లాండ్స్ పరుగుబాట మీద బీఎస్‌ఏ ఎంపైర్ స్టారును గంటకు 100 మైళ్ళకు మించిన సగటుతో ఒక చుట్టు తిప్పి, అందుకు ఇచ్చే బంగారు నక్షత్రపు బిళ్ళను గెలుచుకున్నాడు. గోల్డ్ స్టారు పేరు అక్కడి నుంచే వచ్చింది. 350 గోల్డ్ స్టారుకు కూడా బీ31 బోరూ స్ట్రోకే ఉంటాయి, 1954 నుంచి వచ్చిన స్వింగ్ ఆర్మ్ చట్రాలు (వెనుక చక్రాన్ని పట్టుకున్న చేయి పైకీ కిందికీ ఊగేవి) కూడా రెండింటికీ ఒకే కుదురువి. గోల్డ్ స్టారు చట్రంలో పెద్ద ఆయిల్ పంపుకు చోటివ్వడానికి కుడివైపు కింది గొట్టంలో చిన్న వంపు ఉంటుంది, బీ31లో ఆ గొట్టం తిన్నగా పోతుంది. బీ31ని గోల్డ్ స్టారని అమ్మజూపేవారిని పట్టుకోవడానికి ఈ వంపు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

కెఫే రేసర్ల చరిత్ర చదివిన కొద్దీ నా షరతు మీద నాకు గురి పెరిగింది. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో తెరిచిన ఏస్ కెఫే యుద్ధంలో బాంబుదాడికి దెబ్బతిని, 1949లో మళ్ళీ నిలబడి, 1969లో మూతపడి, 2001లో తిరిగి తెరుచుకుంది. 1950ల చివర, 1960ల మొదట్లో అక్కడ చేరిన కుర్రవాళ్ళు గంటకు 100 మైళ్ళ వేగాన్ని 'టన్ను' అనేవారు. నార్టన్ ఫెదర్‌బెడ్ చట్రంలో ట్రయంఫ్ ఇంజను కూర్చోబెట్టి ట్రైటన్లు కట్టుకున్నవారి ఫొటోలే మనకు ఎక్కువగా కనిపిస్తాయి. ఆ స్తోమత లేనివారు వాయిదాల మీద తీసుకున్న మామూలు బండికే క్లిప్ ఆన్ హ్యాండిళ్ళు (ముందు ఫోర్కు గొట్టాలకే బిగించే పొట్టి హ్యాండిళ్ళు), వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు, వెనుక గుబ్బ ఉన్న సన్నటి సీటు ఒక్కొక్కటే జీతంలోంచి మిగుల్చుకుని కొని బిగించుకునేవారు. సీటు వెనుక గొట్టాలను కోసి అర్ధచంద్రాకారపు గొట్టం అతికించడమే కెఫే రేసరు అనుకోవడం ఇటీవలి అలవాటు. బోల్టుతో బిగించి బోల్టుతో విప్పుకునే పద్ధతే ఈ కళకు దగ్గరిదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చట్టం కూడా ఇదే దారి చూపిస్తోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే స్పష్టం చేసింది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు మరొక ద్వారం తెరిచాయి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్‌లో గానీ ఇంజనులో గానీ చెప్పుకోదగ్గ మార్పు లేని వాహనాలకే అది వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, వీఏ అక్షరాల వరుసలో నంబరు, ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ అవసరాలకు రోడ్డెక్కించకూడదు. ఇవాళ నా బండి కెఫే రేసరు వేషంలో ఉంది కనుక ఆ గుర్తింపు అడగను. కానీ రేపు మా అబ్బాయి అడగదలచుకుంటే, పెట్టెలోని భాగాలు బిగించి అడిగే హక్కు వాడికి మిగిలి ఉండాలి. రంగు మాత్రం ఆర్‌సీలో ఉన్నదే ఉంచాను.

బండి విప్పడం మొదలుపెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు కొనవలసినవి స్పానర్లు. ఈ బండి మీద మిల్లీమీటరు మరలు లేవు. అన్నీ పాత ఇంగ్లీషు మరలే: కొన్ని చోట్ల విట్‌వర్త్, కొన్ని చోట్ల బీఎస్‌ఎఫ్, చాలా చోట్ల అంగుళానికి 26 చుట్లుండే సైకిల్ థ్రెడ్ కనిపిస్తుంది. మొదటి రెండింటి మర కోణం 55 డిగ్రీలు, సైకిల్ థ్రెడ్ కోణం 60 డిగ్రీలు. విట్‌వర్త్ స్పానరు మీద రాసి ఉండే కొలత నట్టు తలది కాదు, బోల్టు కాడ మందానిది. మన గ్యారేజీల్లో ఉండే మిల్లీమీటరు స్పానరు ఈ నట్లకు దాదాపుగా సరిపోతుంది, ఆ 'దాదాపు' వల్లే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. డెబ్బై ఏళ్ళ నుంచి కదలని నట్టుకు ఆరు మూలలూ కావాలి. శివాజీనగర్ గుజ్రీలో తిరిగితే పాత ఇంగ్లీషు స్పానర్లు ఇంకా కిలోల లెక్కన దొరుకుతున్నాయి. ప్రతి బోల్టునూ అది వచ్చిన చోటు రాసిన సంచిలో వేసి, ప్రతి దశలోనూ ఫొటో తీసుకున్నాను.

బిగుసుకున్న పిస్టను డీజిలులో, గేరు ఆయిలులో నానబెట్టిన తరువాత చెక్క దిమ్మ పెట్టి కొడితే కదిలింది. సిలిండరు గోడ మీద తుప్పు గుంటలు పడ్డాయి, అయితే బోరును అంతకు ముందు ఒక్క సైజు మాత్రమే పెద్దది చేసి ఉన్నారు కనుక మరొక సైజుకు బోరు వేయించడానికి ఇనుము మిగిలింది. క్రాంకు పని పీణ్యలో ఒక లేత్ షాపులో చేయించాను. బిగ్ ఎండ్ బేరింగు (కనెక్టింగ్ రాడ్డు కింది కొసన ఉండేది), పిన్ను కొత్తవి ఇంగ్లండు నుంచి తెప్పించాను. రెండు ఫ్లైవీళ్ళను కలిపి బిగించాక లేత్ మొనల మధ్య నిలబెట్టి, డయల్ గేజి ముల్లు చూస్తూ రాగి సుత్తితో తట్టి తట్టి వంకర తీయాలి. వెయ్యిలో రెండు వంతుల అంగుళం, అంటే ఆ షాపు భాషలో రెండు థౌ లోపల, ముల్లు ఆగాలి. ఆ లేత్ మేస్త్రీ ఒక్కొక్క దెబ్బకూ మధ్య గేజి వైపు చూసి, కాసేపు ఆలోచించి, మళ్ళీ కొట్టేవారు. ఒంటి సిలిండరు ఇంజను పాదాలకు, చేతులకు ఎంత అదురు పంపుతుందన్నది ఆ సుత్తి దెబ్బల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

హెడ్డు విషయంలో ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. ఇది పోత ఇనుప హెడ్డు, వాల్వు సీట్లు ఆ ఇనుములోనే కోసినవి. సీసం కలిపిన పెట్రోలు ఆ సీట్లను కొంత కాపాడేది, మన దేశంలో 2000 సంవత్సరం నుంచి ఆ పెట్రోలు లేదు. ఎక్కువసేపు వేగంగా నడిపితే ఎగ్జాస్టు వాల్వు మెల్లగా సీటులోకి దిగిపోతుంది. అందుకని ఎగ్జాస్టు వైపు గట్టి ఉక్కు సీటు దింపించి, కొత్త గైడ్లు వేయించాను. ఇది విప్పి తీసేయగలిగిన పని కాదని నాకు తెలుసు. కానీ అరిగినదాన్ని నిలబెట్టడాన్ని, బోరు వేయించడాన్ని నేను మరమ్మతుగా చూస్తాను, 1955లో ఈ బండి కొన్న మనిషి కూడా అదే చేయించేవాడు. గోల్డ్ స్టారు అల్యూమినియం సిలిండరు, హెడ్డు కొని బిగించమని చాలామంది సలహా ఇచ్చారు. శక్తి పెరిగేదే. అప్పుడు కింద ఉన్న బీ31 గేరుబాక్సుకు, బ్రేకులకు ఆ శక్తిని మోసే పని పడుతుంది, పైగా బండి పేరు ఒకటి, గుండె మరొకటి అవుతుంది. ఇనుప ఇంజనుతోనే ఉండిపోయాను.

ఈ ఇంజనుకు కరెంటు ఇచ్చేది లూకాస్ మ్యాగ్‌డైనో. కింద మాగ్నెటో, దాని వీపు మీద పట్టీతో కట్టిన 6 వోల్టుల డైనమో. మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు, ఇరుసు తిరిగితే చాలు స్పార్కు వస్తుంది. దీని జబ్బు మాత్రం విచిత్రమైనది. చల్లగా ఉన్నప్పుడు మొదటి కిక్కుకే ఇంజను పలుకుతుంది, పది కిలోమీటర్లు పోయి టీ తాగి వచ్చాక ఎంత తన్నినా పలకదు. కార్బ్యురేటరును అనుమానించి దాన్ని విప్పుతూ కూర్చుంటారు. అసలు దోషం ఆర్మెచరు (మాగ్నెటోలో తిరిగే తీగచుట్ట) లోపల ఉండే కండెన్సరుది. వయసు మీరిన కండెన్సరు వేడెక్కగానే లీకవుతుంది, వైండింగు మీద పూసిన లక్క కూడా వేడికి మెత్తబడి ఇన్సులేషను సడలుతుంది. చుట్టడమైతే మోటార్లు చుట్టే షాపులో కూడా చేస్తారు, కానీ మాగ్నెటోలోని రెండో చుట్టు వెంట్రుక మందం తీగ, వేల చుట్లు, ప్రతి పొర మధ్యా కాగితం. మాగ్నెటోలు చుట్టిన చేయి ఉన్నవారినే వెతుక్కోవాలి. నాకు దొరికిన పెద్దమనిషి పాత తీగ విప్పి, కొత్త తీగ చుట్టి, ఈ కాలపు కెపాసిటరు పెట్టి, ఆర్మెచరును వేడిగాలి కింద ఉంచి వేడి మీదే స్పార్కు చూపించిన తరువాతే డబ్బు తీసుకున్నారు. ఎవరి దగ్గర చేయించినా వేడి మీద పరీక్ష అడగండి. కాంటాక్టు పాయింట్ల ఎడం 12 థౌ ఉంచాలి.

పెట్రోలు ట్యాంకు గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. ఆనాటి కెఫే రేసర్లలో చాలా వాటికి ఫైబర్ గ్లాసు ట్యాంకులు ఉండేవి, ఇప్పటికీ అవే చవక. కానీ ఇథనాలు కలిసిన పెట్రోలు పాత రకం రెసినును మెత్తబరుస్తుంది, కరిగిన జిగురు కార్బ్యురేటరులోకి చేరి స్లైడును అంటించేస్తుంది. 2023 ఫిబ్రవరి 6న 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలును ప్రధానమంత్రి విడుదల చేసింది మన బెంగళూరులోనే, ఈ రోజు దాదాపు అన్ని బంకుల్లోనూ అదే పోస్తారు. కనుక ఫైబరు మాట వదిలి అల్యూమినియం ట్యాంకు చేయించాలనుకున్నాను, అది చేయగల చేతుల కోసం విమానపుర వైపు వెళ్ళాను. 1940లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పెట్టినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల రేకు పనిలో ఆరితేరినవారు తరతరాలుగా ఉన్నారు. అక్కడ నాకు పరిచయమైన రిటైరయిన షీట్ మెటల్ పనివారు అనంతపురం జిల్లా నుంచి చిన్నప్పుడే వచ్చి స్థిరపడినవారు.

ఆయన మొదట పాత ట్యాంకును తిరగేసి, చట్రం మీద అది ఆనే చోట్లన్నీ అట్టముక్కల మీద గీసుకున్నారు. పాత ట్యాంకు ఏ బోల్టు మీద కూర్చుందో కొత్తదీ అదే బోల్టు మీద, అదే రబ్బరు దిండ్ల మీద కూర్చోవాలని నేను కోరాను. తరువాత ప్లైవుడ్డు పలకలతో ట్యాంకు ఆకారాన్ని ఒక గూడుగా కట్టి బండి మీద పెట్టి, నన్ను ఎక్కి కూర్చోమన్నారు. ముందుకు వంగినప్పుడు నా మోకాళ్ళు ఎక్కడ తగులుతున్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని మోకాళ్ళ గుంటలు అక్కడే తీశారు. రేకు 1.6 మిల్లీమీటర్లది. దెబ్బలు తిన్న కొద్దీ అల్యూమినియం గట్టిపడుతుంది కనుక మధ్యమధ్య దాన్ని కాల్చి మెత్తబరచాలి, అయితే ఎర్రగా కాలడం ఈ లోహంలో కనిపించదు, రంగు మారకుండానే ఒక్కసారిగా కరిగి జారిపోతుంది. ఆయన రేకు మీద బట్టల సబ్బు రుద్ది, గ్యాసు మంట ఆడిస్తూ చెప్పారు: "సబ్బు నల్లబడే దాకా సూడు బాబూ. నల్లబడింది అంటే సాలు, ఇంగ రేకు మన మాట వింటాది." ఇసుక సంచి మీద చెక్క సుత్తితో గుంట తీసి, చక్రాల మధ్య నడిపించి నునుపు చేసి, ముక్కలను ఆర్గాన్ వెల్డింగుతో కలిపారు. లోపల పెట్రోలు ఎగసిపడకుండా అడ్డుపలక పెట్టారు. వెల్డింగు అయ్యాక ట్యాంకులోకి కొద్దిగా గాలి ఎక్కించి నీళ్ళలో ముంచి బుడగల కోసం చూశాం. ఒంటి సిలిండరు అదురుకు అల్యూమినియం వెల్డు పగలకుండా ఉండాలంటే ట్యాంకు ఎక్కడా చట్రానికి నేరుగా తగలకూడదు, రబ్బరు మీద తేలుతూ ఉండాలి. పెట్రోలు పైపులు ఇథనాలును తట్టుకునే రకానివి వేశాం. బెండు వాషరు ఉన్న పాత పెట్రోలు ట్యాపును పెట్టెలోకి పంపి కొత్తది బిగించాం.

క్లిప్ ఆన్‌లు, ఫుట్‌రెస్టులు, సీటు పనిలో విల్సన్ గార్డెన్‌లో గ్యారేజీ ఉన్న మదనపల్లె మెకానిక్కు నాకు తోడు నిలిచారు. నా షరతు విన్న రోజున ఆయన చెప్పింది సూటిగానే ఉంది. "కోసేస్తే ఒక పూటలో అయిపోతాది అన్నా. కోయకుండా అంటే శానా పని ఉండాది. ఉన్నా సేద్దాం, ఇట్లా అడిగినోళ్ళు నాకు ఇంతవరకు రాలేదు" అన్నారు. బుల్లెట్ల కోసం జేసీ రోడ్డులో దొరికే క్లిప్ ఆన్‌లు ఈ బండి ఫోర్కు గొట్టాలకు సరిపోవు. లోపల రేకు చుట్టి బిగించడం ప్రాణాంతకం కనుక గొట్టాన్ని మైక్రోమీటరుతో కొలిచి అల్యూమినియం దిమ్మ నుంచి బిగింపులు లేత్ మీద చేయించాం. హ్యాండిలును పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడు బొటనవేలు ట్యాంకుకూ లీవరుకూ మధ్య నలగకుండా వేలెడు చోటు ఉండాలి. ఆ చోటు కోసమే ట్యాంకు ముందు భాగంలో పల్లం తీయించాం.

ఫుట్‌రెస్టులకు రెండు మందపాటి పలకలు చేయించి చట్రంలో అంతకు ముందే ఉన్న బోల్టు రంధ్రాలకే తగిలించాం. ఈ బండికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. గేరు లీవరును వెనక్కి తిప్పి బిగించేస్తే పని సులువు, కానీ గేర్ల వరుస తలకిందులవుతుంది. ఇంట్లో మరొకరు కూడా నడపబోయే బండిలో అది ప్రమాదం. అందుకని చిన్న కడ్డీ, రెండు గుండ్రటి కీళ్ళతో లంకె కట్టి అసలు వరుసనే నిలబెట్టాం. సీటు అడుగు అల్యూమినియం రేకుతో చేసి పాత సీటు బోల్టులకే బిగించాం, వెనుక సాగే గొట్టాలను గుబ్బ కప్పేస్తుంది. పక్క నుంచి చూస్తే కోసిన బండి కన్నా నడుము కొంచెం పొడుగ్గా కనిపిస్తుంది. నాకు ఆ పొడవు నచ్చింది.

స్వింగ్ ఆర్మ్ బుష్షులు మార్చేవారికి ఒక మాట చెప్పాలి. ఇవి లోపలి గొట్టం, బయటి గొట్టం మధ్య రబ్బరు అంటుకుని ఉండే సైలెంట్‌బ్లాకులు. ఇరుసు నట్టును చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీద నిలిచిన క్షణం నుంచీ రబ్బరు మెలిపడి ఉంటుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. బండిని చక్రాల మీద నిలిపి, మనిషిని కూర్చోబెట్టి, అప్పుడు బిగించాలి. 19 అంగుళాల చక్రాలకు కొత్త స్పోకులు కట్టించాం, స్పోకులకు క్రోమ్ వేయించలేదు. గట్టి ఉక్కులోకి పూతపనిలో హైడ్రోజను చేరి దాన్ని పెళుసుగా మారుస్తుంది, విరిగితే నడిరోడ్డు మీదే విరుగుతుంది. లైట్లకు 6 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు వేశాను. ఈ బండిలో బ్యాటరీ పాజిటివ్ కొస చట్రానికి కలుస్తుంది కనుక బల్బు ఆ పద్ధతికి పనికివస్తుందో లేదో అడిగి కొనాలి. సైలెన్సరు లోపల జాలీ ఉన్నదే పెట్టాను, మా వీధిలో తెల్లవారుజామున బయలుదేరినా ఎవరికీ నిద్ర చెడదు.

ఇంజను మొదటిసారి మోగడానికి ముందు రోజు ఆయిలు పోసి, స్పార్కు ప్లగ్గు తీసేసి, ట్యాంకులోకి ఆయిలు తిరిగి వచ్చే గొట్టం దగ్గర ధార కనిపించే దాకా కిక్కు తిప్పుతూనే ఉన్నాం. ఈ ఇంజనుకు ఆయిలు ట్యాంకు వేరుగా ఉంటుంది, పంపు దాన్ని లోపలికి పంపి మళ్ళీ వెనక్కి లాగుతుంది. బండి వారాల తరబడి నిలిచిపోతే ట్యాంకులోని ఆయిలు పంపు సందుల గుండా మెల్లగా ఇంజను అడుగుకు జారుతుంది, స్టార్టు చేయగానే నీలిపొగ కమ్ముతుంది. దీనికి విరుగుడుగా కొందరు ఆయిలు గొట్టంలో ట్యాపు పెట్టిస్తారు. ఆ ట్యాపు తెరవడం ఒక్కరోజు మరచిపోతే బిగ్ ఎండ్ పోయినట్లే, కాబట్టి నేను పెట్టలేదు. వారానికొకసారి నడుపుతాను, ఊరికి వెళ్ళివస్తే అడుగున ఉన్న మూత విప్పి చేరిన ఆయిలును దించి ట్యాంకులో పోస్తాను.

నడపడం మొదలుపెట్టాక మొదటి 500 కిలోమీటర్లు గంటకు 60 దాటలేదు, ఎత్తుల దగ్గర ఇంజనును మూలగనివ్వకుండా ముందే గేరు దించుతూ వెళ్ళాను. ఇప్పుడు హొసకోట దాటాక పాత మద్రాసు రోడ్డు మీద 80 దగ్గర హాయిగా సాగుతుంది. టన్ను దీనికి అందదు, దాని కోసం నేను ఈ పని చేయలేదు. మలుపులో బరువు ముందు చక్రం మీదికి వచ్చినప్పుడు బండి గీసిన గీత మీద పోయినట్టు పోతుంది, ఎత్తు హ్యాండిలుతో అది ఉండేది కాదు. బెంగళూరు ట్రాఫిక్కులో మాత్రం మణికట్లు నొప్పి పుడతాయి. సిల్క్ బోర్డు జంక్షన్ దీని కోసం పుట్టిన చోటు కాదు, ఆదివారం తెల్లవారుజాము నంది కొండల దారి దీనికి తగినది.

ఇక మిగిలింది జెట్ల సర్దుబాటు. అమాల్ మోనోబ్లాకు కార్బ్యురేటరుకు పుస్తకంలో చెప్పిన మెయిన్ జెట్టు (ఇంజనుకు పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రమున్న మర) సముద్రమట్టానికి దగ్గర ఉండే ఊళ్ళను దృష్టిలో పెట్టుకున్నది. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడి గాలి సుమారు పదోవంతు పలుచన, కనుక అదే జెట్టుతో పెట్రోలు ఎక్కువై ప్లగ్గు మసి పట్టింది. ఒక మెట్టు చిన్న జెట్టు వేశాక ప్లగ్గు కొస లేత గోధుమరంగుకు వచ్చింది. అయితే ఈ చిన్న జెట్టుతో పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగి చిత్తూరు మీదుగా చెన్నై వైపు వెళ్తే కింద గాలి చిక్కబడి పెట్రోలు చాలక ఇంజను మితిమీరి కాగుతుంది, ఇనుప సిలిండరు ఆ వేడిని త్వరగా వదలదు. మోనోబ్లాకులో మెయిన్ జెట్టు అడుగున ఉన్న ఒక్క మూత విప్పితే చేతికి వస్తుంది, కార్బ్యురేటరును ఊడదీయనక్కరలేదు. పెద్ద జెట్టును, దానికి సరిపడే విట్‌వర్త్ స్పానరును పనిముట్ల సంచిలో ఉంచుకుని, ఘాటు దిగాక మొదటి టీ కొట్టు దగ్గర ఇంజను చల్లారనిచ్చి మార్చుకుంటున్నాను. తిరుగు ప్రయాణంలో పలమనేరు చేరాక మళ్ళీ చిన్నది.